ఒక్క డాక్టరు – మన కథలు

అడవి మీద తెలుగులో కథలకు కొదవ లేదని గత ఏడాది ఒక సభలో నేనే అన్నాను. చప్పట్లు కొట్టారు. వేదిక దిగి వచ్చి కూర్చున్న తరువాత మాత్రం ఆ మాట నన్ను వదలలేదు. ఇంటికి వెళ్లి నా దగ్గరున్న సంపుటాలన్నీ దింపి, అడవి కథల్లో ఎవరెవరు వస్తారో ఒక కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. ఫారెస్టు గార్డు వస్తాడు. తునికాకు కాంట్రాక్టరు వస్తాడు. షావుకారు, పోలీసు, పోడు భూమి కొలిచే సర్వేయరు వస్తారు. పంతులు తరచుగా వస్తాడు. కథలు రాసేవాళ్లలో మా కులస్థులు, అంటే బడిపంతుళ్లు, ఎక్కువ కనుక అది సహజమే. డాక్టరు మాత్రం రెండే రెండు రూపాల్లో కనిపించాడు. ఒకటి, తాళం వేసిన ఆసుపత్రి తలుపు. రోగిని మంచం మీద మోసుకొచ్చిన వాళ్లు ఆ తలుపు ముందు కూలబడతారు, కథ ముగుస్తుంది. రెండు, పట్నం వదిలి వచ్చిన త్యాగమూర్తి. అతను సూది వేస్తాడు, గూడెం మొత్తం చేతులు జోడిస్తుంది, కథ అప్పుడూ ముగుస్తుంది.

ఈ రెండూ వేరువేరు కథలని చాలాకాలం అనుకున్నాను. మొదటిది అభ్యుదయ కథ, రెండోది మధ్యతరగతి కలల కథ అని తరగతిలో కూడా చెప్పాను. కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాక, రెండూ ఒకే పొరపాటని తోచింది. రెండింటిలోనూ డాక్టరు పని చేస్తుండగా మనం చూడం. ఒకదానిలో అతను లేడు, ఇంకొకదానిలో అతను మనిషి కాడు. మాలపల్లికి మాష్టారు అనో, ఊరికి కరణం అనో చెప్పినట్టుగా, ఇరవై వేలమందికి ఒక్క డాక్టరుగా ఉండటం అనే ఉద్యోగం ఎలా ఉంటుందో, ఆ ఉద్యోగంలో భయం ఏమిటో, విసుగు ఏమిటో, తెలియనితనం ఏమిటో మన కథ అడగలేదు.

ఇది వస్తువుల జాబితాలో ఒక ఖాళీ గడిని పూరించే సమస్య కాదు. ఏ వస్తువును ఎవరు రాయలేదని వెతికి తప్పు పట్టే విమర్శ మీద నాకు గౌరవం లేదు. నా ఆందోళన వేరు. నేను స్వయంగా ఒక కథను చంపినవాణ్ని. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు నేల గురించి నాలుగు మాటలు. ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల. చర్ల దాటితే అడవి, అడవిలో ఎక్కడో ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. ఎక్కడ మొదలవుతుందో అడవికి తెలియదు, జ్వరానికి అసలే తెలియదు. 1959 వరకు భద్రాచలం తాలూకా తూర్పుగోదావరి జిల్లాది. తరువాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత బస్తరు వైపునుంచి పారిపోయి వచ్చిన మురియాలను మనవాళ్లు గొత్తికోయలంటారు. ఇప్పుడు భద్రాచలం ఆసుపత్రి వరండాలో మూడు రాష్ట్రాల రోగులు పక్కపక్కన పడుకుంటారు. తెలంగాణ కథ, ఆంధ్ర కథ అని సంకలనాలు వేసుకునే మనకు ఆ వరండా ఏ సంకలనంలోకి వస్తుందో తేల్చుకోవడం కష్టమే.

ఇక లెక్క. గిరిజన ప్రాంతంలో ఇరవై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ప్రభుత్వ ప్రమాణం, మైదానంలో అయితే ముప్ఫై వేలకు. కాగితం మీద అడవికి మేలు చేసినట్టే ఉంది. కాని 1946లో భోర్ కమిటీ తన తక్షణ ప్రణాళికలో నలభై వేలమందికి ఒక కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు ఉండాలని సిఫారసు చేసింది. ఇద్దరు అన్నమాట గమనించాలి. ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకోవాలని, ఒకరికి తోచనిది ఇంకొకరిని అడగాలని ఆనాడే ఎవరికో తెలుసు. కనుక అడవిలో ఒంటరి డాక్టరు ప్రకృతి ధర్మం కాదు. గోదావరి వరదలాగా దానంతట అది వచ్చినది కాదు. ఎక్కడో ఒక బల్ల దగ్గర కూర్చుని, ఇక్కడికి ఒకరు చాలులే అనుకున్న నిర్ణయం అది. మన సాహిత్యం ఆ నిర్ణయాన్ని చూడకుండా, దానివల్ల పుట్టిన ఒంటరితనాన్ని మాత్రం చూసి, ఒకసారి దండం పెట్టింది, ఒకసారి ఉమ్మేసింది.

మన నవలల్లో డాక్టర్లు లేరా అంటే ఉన్నారు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నాయకుడు దయానిధి డాక్టరే. రాయలసీమలో వజ్రకరూరు వెళ్లి ఉంటాడు కూడా. ఎనభై ఏళ్లు కావస్తున్నా ఆ నవల మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. దయానిధి తల్లి గురించి, అతని స్త్రీల గురించి, ఏకాంతం గురించి మనం రాయని మాట లేదు. అతని వృత్తి గురించి ఎవరైనా పట్టించుకున్నారా? నేను ఆ నవలను మూడుసార్లు చదివాను. అమృతం గుర్తుంది, కోమలి గుర్తుంది, నేలలో దొరికిన వజ్రం గుర్తుంది. ఇంటివాళ్లను మినహాయిస్తే ఒక్క రోగి ముఖం గుర్తు లేదు. తప్పు నా జ్ఞాపకశక్తిది మాత్రమే కాదనుకుంటాను. ఆ నవలకు ఒంటరిగా ఆలోచించే మనిషి కావాలి, ఊరికి దూరంగా ఉండే కారణం కావాలి. డాక్టరీ ఆ కారణాన్ని సమకూర్చి పక్కకు తప్పుకుంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’, అది 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాగా రావడం, తరువాత వారపత్రికల నిండా డాక్టరు కథానాయకులు, వీటి గురించి ఎక్కువ చెప్పను. అక్కడ స్టెతస్కోపు మెడలో హారం.

కేశవరెడ్డి సంగతి అలా కాదు. ఆయన స్వయంగా డాక్టరు, డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రిలో పనిచేసినవాడు. ‘అతడు అడవిని జయించాడు’లో డాక్టరు లేడు. ఒక ముసలివాడు, ఈనే పంది, ఒక రాత్రి అడవి, అంతే. అయినా ఆ నవల చదువుతుంటే పక్కన ఒక వైద్యుడు కూర్చున్నట్టే ఉంటుంది. అలసట శరీరంలో ఏ భాగం నుంచి ఏ భాగానికి ఎక్కుతుందో, ప్రసవించిన జంతువు ఎందుకు మీదికి వస్తుందో, నెత్తురు వాసన ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. డాక్టరు రాసిన నవలలో డాక్టరు లేకుండా డాక్టరు చూపు ఉంది. డాక్టర్ల గురించి రాసిన మన కథల్లో డాక్టరు ఉండి ఆ చూపు లేదు. ఈ వ్యాసం సారాంశం ఇంతే అనుకుని ఇక్కడితో ఆపవచ్చును గాని, అప్పుడు నా నేరం చెప్పకుండా తప్పించుకున్నవాణ్నవుతాను.

విద్యార్థులకు మిఖాయిల్ బుల్గాకోవ్ కథలు చదవమని చెబుతుంటాను. 1916లో చదువు ముగించిన ఆ యువకుణ్ని స్మోలెన్స్క్ రాష్ట్రంలో నికోల్‌స్కొయె అనే మూల పల్లె ఆసుపత్రికి ఒక్కణ్నే పంపారు. ఆ అనుభవంతో 1925, 26 సంవత్సరాల్లో వైద్య ఉద్యోగుల పత్రికలో కథలు రాశాడు. ఎవరి పత్రికలోనో చూడండి. తోటి డాక్టర్లు, నర్సులు, కాంపౌండర్లు చదివే పత్రిక. అక్కడ గొప్పలు చెల్లవు.

మొదటి కథలోనే ఒక అమ్మాయిని తెస్తారు. అవిసె నార తీసే యంత్రంలో పడి కాలు నలిగిపోయింది. కాలు తీసేయడం ఈ డాక్టరు ఎన్నడూ చేయలేదు. బల్ల మీద ఆమెను చూస్తూ అతని మనసులో కలిగే కోరిక ఏమిటి? నేను కత్తి పట్టుకోకముందే ఈమె ప్రాణం పోతే బాగుండునని. మన కథలో ఏ డాక్టరుకైనా ఇలాంటి ఆలోచన రాగలదా? వస్తే మన సమీక్షకుడు ఊరుకుంటాడా? కాని ఆ నీచమైన ఆలోచన వచ్చినవాడే కాలు తీసి ఆమెను బతికిస్తాడు. ఆలోచన, పని రెండూ ఒకే మనిషివి. మనం ఆలోచన వచ్చినవాణ్ని విలన్ చేస్తాం, పని చేసినవాణ్ని హీరో చేస్తాం, ఇద్దరినీ రెండు కథల్లో పెడతాం.

ఇంకో కథలో అడ్డం తిరిగిన కాన్పు. డాక్టరుకు పాఠం గుర్తుంది, చేయి ఎలా కదపాలో తెలియదు. సిగరెట్ల వంకతో తన గదికి పరుగెత్తి పుస్తకం తిరగేస్తాడు. పుస్తకం అతన్ని మరింత భయపెడుతుంది. అతన్ని రక్షించినది పుస్తకం కాదు. అతను చేతులు కడుక్కుంటుండగా, వెనకటి డాక్టరు ఇలాంటప్పుడు ఎలా చేసేవాడో మంత్రసాని అన్నా నికొలాయెవ్నా మామూలుగా కబురు చెప్పినట్టు చెబుతుంది. నేర్పుతున్నట్టు ఉండదు. అతని పరువు పోకుండా అతనికి విద్య అందిస్తుంది. పేరుకు ఒంటరి డాక్టరు, నిజానికి ఆ గదిలో అతని కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఉన్నారు. ఇది రాయడానికి ఎంత వినయం కావాలి!

అన్నింటికంటె మన ప్రాంతానికి దగ్గరగా వచ్చేది మలేరియా కథ. పల్లె అజ్ఞానం మీద సిబ్బంది అంతా కథలు చెప్పుకుని నవ్వుకుంటారు. తరువాత ఒక మరబట్టీ యజమాని వస్తాడు. మర్యాదగా, తెలివిగా మాట్లాడతాడు. ఇన్నాళ్లకు ఒక తెలివైన రోగి దొరికాడని డాక్టరు మురిసిపోయి క్వినైన్ పొట్లాలు రాసిస్తాడు. రోజుకు ఒకటి ఎందుకు, వైద్యులకు శ్రమ తగ్గుతుందని ఆ పెద్దమనిషి అన్నీ ఒకేసారి మింగేస్తాడు. నేను ఆశ్రమ పాఠశాలలో పనిచేసిన రోజుల్లో ఇది తలకిందులుగా చూశాను. మూడు రోజుల మాత్రలిస్తే, మొదటి రోజు జ్వరం దిగగానే మిగతావి గూట్లో దాచేవాళ్లు, ఇంట్లో ఇంకొకరికి రేపు జ్వరం రాకపోదు గదా అని. దాన్ని అజ్ఞానం అనగలమా? వాగు పొంగితే రేపు మందు దొరకదని తెలిసినవాడి పొదుపు అది. బుల్గాకోవ్ నవ్వు చివరికి డాక్టరు మీదికే తిరుగుతుంది. రోగి ముఖం చూసి తెలివిని కొలిచినవాడు డాక్టరు. మన కథల్లో ఆ నవ్వు ఎప్పుడూ గూడెం మీదే ఆగిపోతుంది.

ఇప్పుడు నా సంగతి. పన్నెండేళ్ల కిందట మా సంఘం కథా సమావేశానికి ఒక యువకుడు కథ తెచ్చాడు. సరిహద్దు ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు. మొదటి కథ. నోట్‌బుక్కు కాగితాల మీద నీలి సిరాతో రాసుకొచ్చి, తల ఎత్తకుండా చదివాడు.

వానాకాలం రాత్రి. కట్లపాము కాటుతో ఒక కుర్రాణ్ని తెస్తారు. వాపు లేదు, నొప్పి లేదు, రెప్పలు మాత్రం వాలిపోతున్నాయి. కింద పడుకున్నవాళ్లను కరిచే పాము అది, కాటు వేసినట్టు కూడా చాలామందికి తెలియదు. ఉన్న విరుగుడు మందంతా ఎక్కిస్తారు. తెల్లవారుజామున ఊపిరి ఆగిపోతుంది. అంబు సంచి ముఖానికి పెట్టి నొక్కుతూ ఉండాలి, ఆపితే ప్రాణం పోతుంది. వాగు నిండి ఉంది, 108 బండి అవతలి ఒడ్డున ఆగింది. డాక్టరు నొక్కుతున్నాడు. అదే సమయానికి పక్క గదిలో కాన్పు అయిన అమ్మాయికి మావి పడలేదు, రక్తం పోతోందని నర్సు వచ్చి చెబుతుంది. ఫార్మసిస్టు వాగు దగ్గరికి వెళ్లాడు. డాక్టరుకు రెండే చేతులు. గోడకు ఆనుకుని కూర్చున్న కుర్రాడి తండ్రిని పిలుస్తాడు. తండ్రికి తెలుగు రాదు, డాక్టరుకు అతని మాట రాదు. అతని చేతులు తీసి సంచి మీద పెట్టి, తన చేతులు వాటిమీద పెట్టి, ఒకటి, రెండు, మూడు అని నొక్కిస్తాడు. తన ఊపిరి పీల్చి చూపిస్తాడు. ఆ లయ కుదిరాక తన చేతులు మెల్లగా తీసేస్తాడు. పక్క గదిలోకి వెళ్తాడు. తండ్రి తెల్లవార్లూ నొక్కుతాడు.

ఇద్దరూ బతుకుతారు. నెల తరువాత డాక్టరుకు పైచదువుకు సీటు వస్తుంది, వెళ్లిపోతాడు. వెళ్లే రోజున ఫార్మసిస్టు రిజిస్టర్లు అప్పజెప్పించుకుంటాడు. కొత్త డాక్టరు ఎప్పుడు వస్తాడో రాసే గడి ఖాళీగా ఉంటుంది. అంతే కథ.

ఆరోజు మాట్లాడినవాళ్లలో పెద్దవాణ్ని నేనే, పైగా తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ని. కథనం బాగుందన్నాను. ముగింపు పలాయనవాదం అన్నాను. ప్రజల పక్షాన నిలవవలసిన మేధావి పారిపోతే పాఠకుడికి ఏం మిగులుతుందని అడిగాను. ఈ డాక్టరు చైతన్యంలో మార్పు ఏది అన్నాను. మరొకరు ఇంకా ముందుకు వెళ్లి ఇది ఓటమి కథ అన్నారు. ఆ అబ్బాయి అన్నీ రాసుకున్నాడు. చివరికి, ఆయన నిజంగానే వెళ్లిపోయాడండీ, నాకు కోపం రాలేదు, అని మాత్రం అన్నాడు. వాస్తవం వేరు, వాస్తవికత వేరని నేను అతనికి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆ తరువాత అతను మా సమావేశాలకు రాలేదు. నేను కూడా ఆరా తీయలేదు.

వాస్తవం వేరు, వాస్తవికత వేరు అన్న సూత్రం తప్పు కాదు. దాన్ని నేను వాడిన తీరు తప్పు. ఆ కథలో వాస్తవికత అంతా ఆ ముగింపులోనే ఉంది. అప్పటిదాకా అది ఒక సాహస కథ. డాక్టరు వెళ్లిపోయి, గడి ఖాళీగా మిగిలినప్పుడు, ఆ రాత్రి ఎందుకు అంత భయంకరంగా జరిగిందో మనకు తెలుస్తుంది. ఇద్దరు ఉండవలసిన చోట ఒకరున్నారు, ఆ ఒకరు కూడా లేకుండా పోగలరు. నాకు కోపం రాలేదు అని ఆ యువకుడు చెప్పినది క్షమాగుణం కాదు. కోపం ఎవరిమీద రావాలో అతనికి నాకంటె స్పష్టంగా తెలుసు. నేనేమో వ్యవస్థ గురించి ఉపన్యాసాలిస్తూ, కథలోకి వచ్చేసరికి వ్యవస్థ చేసిన నేరాన్ని ఒక ఇరవై ఏడేళ్ల కుర్రవాడి శీలం మీదికి తోశాను. త్యాగమూర్తి కావాలని అడిగాను. అభ్యుదయ విమర్శ పేరుతో వారపత్రిక నవలనే కోరాను.

నిలిచినవాళ్లు లేరా అని మిత్రులు అడుగుతారు. ఉన్నారు. గడ్చిరోలి జిల్లా హేమల్‌కసాలో మాడియా గోండుల మధ్య 1973లో మొదలైన కేంద్రంలో ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే దశాబ్దాలు పనిచేశారు. మాడియా భాష నేర్చుకున్నారు. వారికి నమస్కారం. అయితే వాళ్లు ఇద్దరు డాక్టర్లు, భార్యాభర్తలు, చుట్టూ తోటి కార్యకర్తలు, వెనక బాబా ఆమ్టే. ఒంటరిగా ఒకణ్ని పడేసి నిలబడమనడానికి ఆ ఉదాహరణ పనికిరాదు, సరిగ్గా దానికి వ్యతిరేకమైనదాన్నే అది చెబుతుంది.

ఒంటరితనానికి పరమావధి అనదగిన సంఘటన అంటార్కిటికాలో జరిగింది. 1961 ఏప్రిల్ 30న నొవొలజరెవ్‌స్కయా సోవియట్ స్థావరంలో ఉన్న ఒకే ఒక్క డాక్టరు లియొనీద్ రొగొజొవ్, తన అపెండిక్సు తానే కోసి తీసుకున్నాడు. చుట్టూ మంచు, ఓడ రాదు, విమానం రాదు. ప్రపంచమంతా చెప్పుకునే కథ. దీనిని మనవాళ్లు వీరగాథగా చెబుతుంటే విన్నాను. వివరాలు చూడండి. వాతావరణ పరిశీలకుడొకడు గాయాన్ని తెరిచి పట్టుకున్నాడు, మెకానిక్కు ఒకడు అద్దం పట్టాడు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంటే రొగొజొవ్ చాలావరకు వేళ్ల స్పర్శతోనే పని చేసుకున్నాడు. ఆ ఇద్దరికీ వైద్యం రాదు. ఏ పరికరం ఎప్పుడు అందించాలో ముందే నేర్పాడు, తాను స్పృహ తప్పితే ఏం చేయాలో కూడా నేర్పాడు. వాగు ఒడ్డున సంచి నొక్కిన తండ్రి నాకు వెంటనే గుర్తొచ్చాడు. ఒక తేడా మాత్రం ఉంది. ధ్రువానికి వెళ్లేవాళ్లను ఆరోగ్యం పరీక్షించి ఎంచి పంపుతారు. అడవిలో పుట్టేవాళ్లను ఎవరూ ఎంచి పుట్టించరు.

వడ్డె గురించి కూడా ఒక మాట. మన కథల్లో కోయ వడ్డె అంటే మూఢనమ్మకం, డాక్టరు అంటే శాస్త్రం. నేనూ అలాగే బోధించాను. తారాశంకర్ బందోపాధ్యాయ 1953లో ‘ఆరోగ్యనికేతన్’ రాసినప్పుడు నాడి పట్టే ముసలి వైద్యుణ్ని, కొత్త డాక్టరును ఎదురెదురుగా నిలబెట్టాడు. ఎవరి విజ్ఞానం గెలుస్తుందో తేల్చడం కోసం కాదు. చావు దగ్గర పడినప్పుడు ఇంటివాళ్లకు చెప్పడం అనే పని ఎవరిదని అడగడం కోసం. అది వైద్యంలో సగం. మనం ఆ ప్రశ్న వేయలేదు. వాగు పొంగిన రోజుల్లో, 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినట్టి రోజుల్లో, ఆ పని ఎవరు చేస్తారో కనుక్కుని రాయవలసిన కథలు ఉన్నాయి.

ఇంకొక పుస్తకం చెప్పాలి. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ పల్లెల్లో పనిచేస్తూ తయారుచేసిన పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్టు ‘వైద్యుడు లేని చోట’ పేరుతో తెలుగులో వేసింది. వెర్నర్ డాక్టరు కాడు, జీవశాస్త్రం చెప్పిన పంతులు. ఆశ్రమ పాఠశాలలో అట్ట ఊడిపోయిన ప్రతి ఒకటి ఉండేది, వార్డెను దాన్ని తాళం వేసి దాచేవాడు. సాహిత్యం విద్యార్థులు నవ్వకుండా దాన్ని చదవాలి. చేయవలసిన పనిని, అది చదివినవాడు చేయగలిగేటట్టు వాక్యంగా చెప్పడం ఎంత కష్టమో తెలుస్తుంది. మన కథల్లో సూది వేసే వాక్యాలు చదివి ఎవరూ సూది వేయలేరు, వేయవద్దు కూడా.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ ఫార్మసిస్టు చిరునామా సంపాదించాను. ఇప్పుడు వేరే కేంద్రంలో ఉన్నాడు. కథ మన పత్రికకు పంపమని, ఆనాడు నేనన్న మాటలు తప్పని, ఆ సంగతి అచ్చులోనే ఒప్పుకుంటానని రాశాను. పది రోజులకు కథ వచ్చింది, శుభ్రంగా టైపు చేయించి పంపాడు. సంచి నొక్కే ఘట్టం అలాగే ఉంది. ముగింపు మాత్రం మారింది. డాక్టరు సీటు వదులుకుని గూడెంలోనే ఉండిపోయాడు, జనం అతన్ని ఊరేగించారు. మీరు చెప్పిన తరువాత సరిదిద్దుకున్నానండీ అని కింద ఒక వాక్యం రాశాడు.

నీలి సిరాతో రాసిన ఆ పాత కాగితాలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకమని మళ్లీ ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.